పాలుకు తెచ్చిన వాల్వు

మా ఊరి వాళ్లు ఇప్పటికీ నన్ను ఆపి అడిగే మాట ఒకటే. "జడ్చర్లల ఏమున్నదే లచ్చీ, ఇద్దరాడోళ్లు రేడియోను నెత్తిన పెట్టుకొని పోయొచ్చిండ్రు?" అడిగిన వాళ్లందరికీ నిలబడి చెబుతూ పోతే మా ఇంట్లో పొయ్యి మీది జొన్న గటక మాడిపోతోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను అక్షరాలు దిద్దింది పెద్దల బడిలో. రాత వంకర పోతే మీరే సర్దుకొని చదువుకోండి, జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు గుర్తుంది.

ఎందుకు బయలుదేరామంటే

చిట్యాలకు రెండు క్రోసుల దూరం మా ఊరు. కరెంటు ఇంకా రాలేదు. గొర్రెలు కాసే ఇల్లు మాది. నాలుగేళ్ల కింద ఉన్నికి మంచి ధర పలికితే మా మామ ఇటుకంత బ్యాటరీ మీద నడిచే రేడియో ఒకటి కొని తెచ్చాడు. ఊరు మొత్తానికి అదొక్కటే.

మా మరిది కొమరయ్యకు గొర్రెల మీద మనసు లేదు. ఒగ్గు కథ చెప్పే వాళ్లతో చేరి డోలు మెడకేసుకున్నాడు. "ఎల్లవ్వ చిన్న కొడుకు మందను ఇడిసి డోలు పట్టిండు, రేపు చిప్ప పడతడు" అని ఊళ్లో అనని నోరు లేదు. ఎల్లవ్వ అంటే మా అత్త. ఆ మాట ఆమె చెవిన పడ్డ ప్రతిసారీ ఆ పూట మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

అట్లాంటి కొమరయ్యను హైదరాబాద్ రేడియో వాళ్లు పిలిచారు. శనివారం సాయంత్రం పల్లె కార్యక్రమంలో వాళ్ల కథ. కబురు రాగానే మా అత్త బొట్టుబరిణె పట్టుకొని గడపగడపకూ పోయి పెళ్లికి పిలిచినట్టు పిలిచింది. చిప్ప మాట అన్న ఇళ్లకు మొదట పోయింది. మర్నాడు పొద్దున మా మేకపిల్ల అరుగు మీంచి రేడియో మీదికెక్కి అక్కణ్నుంచి కిందికి దూకింది. అంతే, రేడియో మూగబోయింది.

మగవాళ్లు మందలు తోలుకొని మేత కోసం కృష్ణ ఒడ్డుకు వలస పోయారు. కొమరయ్య తన జట్టుతో ముందే హైదరాబాద్ పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. నేను ఊరుకోలేక ఒక సలహా ఇచ్చాను.

"నల్లగొండల హోటళ్లల్ల రేడియోలుంటయి అత్తా. శనివారం పోయి ఆడ కూసొని ఇందాం."

"హోటల్ల నా కొడుకు పాట ఇంటె ఎవని మొఖం చూడాలె? చాయ్ తాగెటోని మొఖమా? చిప్ప పడతడన్నోళ్ల మొఖాలు నాకు చూడాల్నే."

ఆ ముఖాల కోసమే బుధవారం పొద్దున్నే బయలుదేరాం.

నల్లగొండ

రేడియో లోపల గాజు ఉందని మామ ఎప్పుడో చెప్పిన మాట అత్తకు గుర్తుంది. వెనక అట్ట విప్పి, సందు కనిపించిన చోటల్లా ఉన్ని కూరింది. పైన గొంగడి చుట్టింది. ఆ మూటను బస్సులో ఒడిలోంచి దించలేదు.

నల్లగొండలో గడియారాలు, రేడియోలు బాగుచేసే సాయిబు కొట్టు ఒకటుంది. ఆయన అట్ట తీసి చాలాసేపు లోపలికి చూశాడు.

"అమ్మా, ఇది రేడియోనా, పరుపా?"

"దెబ్బ తాకొద్దని పెట్టిన బిడ్డా. నువ్వు మెల్లగ తియ్యి, మళ్ల పెట్టాలె."

ఉన్ని తీయడానికే చాయ్ తాగేంత సేపు పట్టింది. లోపల నాలుగు గాజుబుడ్లు బయటపడ్డాయి. ఆయన ఒకటి పీకి వెలుతురుకు పట్టాడు. మిగతా మూడింటికి నెత్తి దగ్గర లోపలివైపు అద్దంలా మెరిసే మచ్చ ఉంది. దీని మచ్చ మాత్రం పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది.

"దీన్ని వాల్వంటరు. లోపల గాలి ఉండొద్దు. మీ మేకపిల్ల దూకినప్పుడు సన్నగ పగిలి గాలి సొచ్చింది. గందుకే తెల్లబడ్డది."

"గొర్రె కంట్ల పువ్వేసినట్టు" అంది అత్త. "పువ్వేసిన కన్ను ఇగ రాదు. వేరేది పెట్టు."

"ఏడికెల్లి తేవాలె? కంపెనోళ్లు ఇది చేసుడే బంద్ పెట్టిండ్రు."

అత్త వాల్వును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది. "ఎందుకు బంద్ పెట్టిండ్రు? ఇది చేసిన తప్పేంది?"

"తప్పేం లేదు, మంచిగనే పాడుతది." ఆయన సొరుగులోంచి కందిగింజంత వస్తువు ఒకటి తీసి నా అరచేతిలో వేశాడు. దానికి మూడు సన్నటి కాళ్లు. "ఇది ట్రాన్సిస్టర్. వాల్వు చేసే పని గిదే చేస్తది. గాజు లేదు, లోపల తీగ కాగుడు లేదు. ఇటుకంత బ్యాటరీ అక్కర్లేదు, టార్చిలైట్ల సెల్లు చాలు. జనమంత గిదే కొంటుండ్రు."

"కొననియ్యి. మాకు మాది చేసియ్యొచ్చు గద."

"అట్ల కాదమ్మా. వాల్వు చేసే కార్ఖానల గాజు ఊదే మిషన్ వేరే, వెంట్రుక కన్న సన్నపు తీగ తీసే మిషన్ వేరే, లోపలి గాలి గుంజే మిషన్ వేరే. వెయ్యిమంది అడిగితె అవన్ని తిప్పుతరు. పదిమంది కోసం ఎవరు తిప్పుతరు? ముందుగాల తీగ తీసెటోడు మానేసిండు. తీగ లేకపాయె, వాల్వు చేసెటోడు మానేసిండు. వాల్వు లేకపాయె, గసోంటి రేడియో చేసెటోడూ మానేసిండు. ఒకన్ని చూసి ఒకడు పండుకున్నడు."

అత్త వాల్వును బల్ల మీద పెట్టింది. తరువాత అంది, "మా ఊరి కుమ్మరి దొడ్డ కాగులు చేసుడు బంద్ చేసిండు. ఇత్తడి బిందెలొచ్చినంక అడిగెటోళ్లు లేరంట. నీ ఒక్క కాగు కోసం ఆము కాలుస్తనా అన్నడు నాతోని. ఆయన మీద నాకు ఇప్పటిదాక కోపముండె. ఇయ్యాల సగం పోయింది."

"మిగిలిన సగం?"

"బంద్ చేస్తున్న అని ముందుగాల చెప్పలె. చెప్తె రెండు చేపిచ్చి పెట్టుకుందును."

సాయిబు నవ్వాడు. "కంపెనోళ్లు చెప్పిండ్రమ్మా. ఇదే ఆఖరు, కావల్సినోళ్లు ఇప్పుడే తీసుకోండ్రి అని దుకాణాలకు కబురు పంపిండ్రు. నేను కొన్ని తెచ్చి పెట్టుకున్న, అయిపోయినయి. మీ ఊరి దాక వచ్చి చెప్పెటోడెవడు?"

జడ్చర్లలో పాత సామాను పారేయని సేటు ఒకాయన ఉన్నాడని, దొరికితే అక్కడే దొరకాలని ఆయనే చెప్పాడు. వాల్వు ఒక్కటి రుమాలులో కట్టుకొని పోతే చాలు, డబ్బా ఇక్కడే పెట్టి పొమ్మన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"కన్ను పోయిందని గొర్రెను ఇంట్ల పెట్టి కన్ను పట్టుకొని దవాఖానకు పోతరా?"

మళ్లీ ఉన్ని కూరాం. కూరడంలో సాయిబు కూడా ఒక చెయ్యి వేశాడు.

దేవరకొండ బస్సు

దేవరకొండ బస్సంటే ఏమిటో ఎక్కని వాళ్లకు చెప్పాలి. నాగార్జునసాగర్ కట్ట పనికి పోయే జనం తట్టలు, పారలు, కోళ్లు, మొగుడూ పెళ్లాల కొట్లాటలతో సహా దాంట్లోనే ఉంటారు. నాకు ఒంటికాలి మీద నిలబడే చోటు దొరికింది. అత్తకు మాత్రం మూటను చూసి ఒక పాలమూరు ఆడమనిషి జరిగి జాగా ఇచ్చింది. కట్ట మీద రాళ్లు మోస్తుందట.

"పిల్లగానికి పానం బాగలేదా అవ్వా? మొఖం దాక కప్పినవ్?"

అత్త నా వైపు ఒక్క చూపు చూసింది. నాకు అప్పుడే భయం వేసింది.

"ఏం జెప్పాలె బిడ్డా. మొన్నటిదాక మంచిగ పాడెటోడు. ఇయ్యాల నోరు పడిపోయింది."

"అయ్యో. ఎన్నేండ్లు?"

"నాలుగు."

కండక్టరు వెనక్కి తిరిగాడు. "నాలుగేండ్లా? అర టికెట్ తియ్యాలె."

ఆ ఆడమనిషి కండక్టరును కసిరింది, నోరు పడిపోయిన పిల్లవాడికి టికెట్టేమిటని. అత్త నోరు మెదపకుండా అర టికెట్టు తీసుకొని కొంగున ముడేసింది. ఇక బస్సంతా వైద్యమే. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయమని ఒకరు, దేవరకొండ దాటాక ఒక ఫకీరు ఉన్నాడు ఊదించమని ఒకరు. ముందు సీటులో ముసలాయన ఒకడు, ఆ వయసులో తనకూ మాట పడిపోయిందని, పెళ్లయ్యాక వచ్చిందని, మళ్లీ పోయిందని చెప్పాడు. నేను కొంగు నోట్లో కుక్కుకొని కిటికీ వైపు తిరిగాను. నా భుజాలు ఊగడం చూసి ఆ పాలమూరు మనిషి నా వీపు నిమిరింది. "ఏడువకు చెల్లె, తల్లివి నువ్వు ధైర్యంగుండాలె" అంది.

ఒక మోరీ మీద బస్సు ఎగిరి పడింది. గొంగడి జారింది. స్టేషన్లు తిప్పే బిళ్ల బయటికొచ్చి ఆమె వైపు చూసింది.

ఆమె దాన్ని చూసింది, అత్తను చూసింది, మళ్లీ దాన్ని చూసింది. తరువాత ఆమె నవ్విన నవ్వుకు తట్టలో కోడి లేచి అరిచింది. ఆ నవ్వు సీటు సీటుకూ పాకి డ్రైవరు దాకా పోయింది. అత్త మాత్రం నవ్వకుండా కండక్టరుకు అర టికెట్టు చూపించి వెనక్కి తీసుకోమంది.

"వద్దవ్వా" అన్నాడు అతను. "సామాను కిరాయి పూర టికెట్ కన్న ఎక్కువైతది. నీకు పిల్లగాడే నయం."

కల్వకుర్తి

దేవరకొండలో బస్సు మారి కల్వకుర్తి చేరేసరికి పొద్దు గుంకింది. అత్త చేసే పని ఎప్పుడూ ఒకటే. తెలియని ఊళ్లో దిగగానే గొర్రెల వాసన ఎటు వస్తుందో చూసి అటు నడుస్తుంది. అట్లా నడిచి ఒక గొల్లవాళ్ల వాకిట్లో ఆగాం. ఎవరు, ఏ ఊరు అని అడగకముందే కాళ్లకు నీళ్లు ఇచ్చారు.

మా వైపు ఎండాకాలంలో గటకలో చింతపండు పులుసు పోసుకుంటాం. వాళ్లు జొన్నరొట్టెలో పల్లీల కారం పెట్టారు. నూరిన రోలు ఇంకా కడగలేదు, ఆ వాసనకే నాకు ఆకలి రెండింతలైంది. మేం గొర్రె చెవి కోసి గుర్తు పెడతాం, వాళ్లు ముఖాన ఎర్రమట్టి జాజు పూస్తారు. చెవి కోస్తామంటే ఆ ఇంటావిడ తన చెవులు మూసుకుంది. జాజు వానకు కడుక్కుపోదా అని అత్త అడిగితే, "మా పాలమూర్ల వాన ఏడ పడ్డది అక్కా" అని నవ్వింది. హోటల్లో చాయ్ కూడా మాకంటే చవక, రెండణాలే. గ్లాసు మాత్రం చిటికెన వేలంత.

జడ్చర్ల

జడ్చర్లలో నాకు మొదట నచ్చింది రైలు. నచ్చనిది సేటు మాట. ఆయన కొట్టంతా వెతికి దుమ్ము దులుపుకుంటూ వచ్చి, ఆ వాల్వు ఇక పుట్టదన్నాడు. అత్త గడప మీద కూలబడింది. అప్పటిదాకా బస్సును నవ్వించిన మనిషి ముఖం చూడలేకపోయాను. అది గురువారం. ఎల్లుండి సాయంత్రం ఊరంతా మా వాకిట్లో ఉంటుంది.

సేటుకు జాలేసినట్టుంది. "గిదే రేడియో ఇంకొకటి నేనే అమ్మిన. దవాఖానల ఆయా పని చేసే రాహేలమ్మ కాడ ఉన్నది. దాంట్ల వేరే వాల్వు పోయింది. మీకు కావల్సింది దాంట్ల సలామత్ ఉన్నది. ఆమె ఇస్తదో లేదో ఆమెనే అడగాలె" అన్నాడు.

రాహేలమ్మ ఇల్లు దవాఖాన వెనక వరస గదుల్లో ఒకటి. యాభై ఏళ్లుంటాయి. తెల్లచీర, గోడకు శిలువ, బల్ల మీద అల్లిక గుడ్డ కప్పిన రేడియో. గుడ్డ తీస్తే అచ్చం మా దాని ముఖమే. మేనత్త కూతురు ఎదురుపడ్డట్టనిపించింది నాకు.

మా కథంతా విని ఆమె ఒక్కటే అంది. "ఇయ్య."

"పైసలిస్తం" అన్నాన్నేను.

"పైసలు కాదు బిడ్డా. నా పెనిమిటి కొన్నది ఇది. ఆయన పోయినంక ఇది మూగబోయింది. అయినా రోజు తుడుస్త. ఎన్నటికన్న దీని ముక్క దొరకకపోతదా అని చూస్తున్న. ఇంగోటి పీకితె ఇది రేడియో కాదు, చెక్కడబ్బ."

అత్త బతిమాలలేదు. ఆ రేడియోను నెమ్మదిగా తుడిచి, "మంచిగున్నప్పుడు ఏమినేటోళ్లు?" అని అడిగింది.

"క్రిస్మస్ పాటలు. ఈ గదులోళ్లందరు ఈడికే వచ్చేటోళ్లు."

"మొఖాలు కనవడేటియి."

"ఆఁ. మొఖాలు కనవడేటియి."

అత్త ఉన్నట్టుండి, "అయితె పాలుకియ్యి" అంది.

గొర్రెల ఇళ్ల వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతా వాళ్లకు చెబుతాను. మేపే ఓపిక లేని వాళ్లు తమ మేకను ఇంకొకరికి ఇస్తారు. వాళ్లు మేపుతారు, పుట్టిన పిల్లల్ని చెరిసగం పంచుకుంటారు. మేక మాత్రం ఇచ్చిన వాళ్లదే. దాన్ని పాలుకు ఇవ్వడం అంటాం.

రాహేలమ్మ నవ్వింది. "వాల్వు ఈనుతదా అక్కా?"

"ఇను. నీ దాంట్ల పోయింది మా దాంట్ల మంచిగున్నది. మాది పోయింది నీ దాంట్ల మంచిగున్నది. ఇప్పుడు నీది మా ఇంట్ల మేస్తది. క్రిస్మస్‌కు మాది నీ ఇంట్ల మేస్తది, నేనే తెచ్చి పెడ్త. ఒకపారి ఒకటి పాడుతది, ఇంగోపారి ఇంగోటి. రెండూ బతికినట్టే గద."

రాహేలమ్మ అల్లిక గుడ్డ అంచు సర్దుతూ చాలాసేపు ఆలోచించింది. "మా నాయిన ఒకళ్ల మేకలు పాలుకు మేపిండు, సచ్చెదాంక. మేక ఇచ్చే ఆసామి ముందుగాల వచ్చి మా కొట్టం చూసి పోయేటోడు. మా నాయిన ఎన్నడు మేపినోడే, ఇచ్చినోడు కాదు. ఇయ్యాల నేను ఇచ్చేదాన్నైతాన్న."

"అయితె నువ్వు గూడ వచ్చి కొట్టం చూసి పో" అంది అత్త.

రాహేలమ్మ లేచి గోడకున్న సంచి తీసింది. "డాక్టరమ్మకు సెలవు చెప్పొస్త. జర ఆగుండ్రి."

తిరుగు దారి

వచ్చేటప్పుడు ముగ్గురం. వాల్వును దూదిలో చుట్టి సబ్బు డబ్బాలో పెట్టి రాహేలమ్మ ఒడిలో పట్టుకుంది. మూట అత్త ఒడిలో. ఇద్దరు పెద్దవాళ్లు రెండు ఒడులు కదలకుండా కూర్చుంటే, ఇద్దరికీ పల్లీలు ఒలిచి నోట్లో పెట్టడం నా పని. కండక్టరు వేరేవాడు. అత్త మళ్లీ పిల్లవాడి కథ మొదలుపెట్టబోయింది. దవాఖాన మనిషి పక్కనుండగా అబద్ధం చెబితే సూది వేస్తానని రాహేలమ్మ బెదిరించింది. కల్వకుర్తిలో పాత వాకిట్లోనే దిగాం. ఈసారి పల్లీల కారం పొట్లం కట్టించుకొని మరీ బయలుదేరాం. దేవరకొండ దగ్గర టైరు పోయి శుక్రవారం సగం రోడ్డు మీదే గడిచింది. అత్త డ్రైవరు పక్కన నిలబడి, చక్రం బిగించేదాకా అతనికి తన కొడుకు గురించి చెప్పింది. అతను అంత తొందరగా చక్రం ఎన్నడూ బిగించలేదని కండక్టరు అన్నాడు.

శనివారం

ఇల్లు చేరేసరికే వాకిలి నిండింది. చిప్ప మాట అన్నవాళ్లంతా ముందు వరసలో ఉన్నారు. అత్త రాహేలమ్మను నులక మంచం మీద కూర్చోబెట్టింది. పక్కింటి బుచ్చవ్వ గొణిగింది, ఎవరేమిటో అడక్కుండా మంచమెక్కిస్తారా అని.

"పాట ఆమెది" అంది అత్త. "ఆమె లేస్తె పాట గూడ లేసి పోతది. నీ ఇష్టం."

బుచ్చవ్వ చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది.

రాహేలమ్మ వాల్వును దాని గుంటలో నిలబెట్టి నొక్కింది. మీట తిప్పాం. కొంచెంసేపు ఏమీ లేదు. తరువాత ఎక్కడో దూరపు బావి అడుగున ఎవరో డోలు కొడుతున్నట్టు వినిపించింది. వాకిట్లో ఒకరు కిసుక్కుమన్నారు. అత్త ముఖం పాలిపోయింది. రాహేలమ్మ రేడియో వెనక చెయ్యి పెట్టింది. పిడికెడు ఉన్ని బయటికొచ్చింది. ఇంకో పిడికెడు. తిరుగు దారికి అత్త కూరిన ఉన్ని సగం లోపలే ఉండిపోయింది. గొర్రెకు బొచ్చు కత్తిరించినట్టు ఆమె తీస్తున్నకొద్దీ గొంతు దగ్గరికొచ్చింది. ఆఖరి పిడికెడుతో మా కొమరయ్య వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

వాడు మా ఊరి పేరు చెప్పి కథ ఎత్తుకున్నాడు. నవ్వించాడు, గొంతు దించి ఏడిపించాడు. రాహేలమ్మ కళ్లు మూసుకొని వేళ్లతో మంచం పట్టె మీద తాళం వేసింది. బుచ్చవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అత్త రేడియోకు వీపు పెట్టి, గుంపుకు ఎదురుగా నిలబడింది. ఒక్కో ముఖాన్నీ వరసగా చూస్తూ పోయింది, మళ్లీ మొదటి నుంచి చూసింది.

అయిపోయాక జనం ఆమె చేతులు పట్టుకొని ఏమేమో అన్నారు. అన్నిటికీ తలాడించి, వాకిలి ఖాళీ అయ్యాక రాహేలమ్మ పక్కన మంచం మీద కూర్చుంది.

"చెల్లె, ఇంగోసారి పెట్టు."

"మల్ల రాదక్కా. అప్పటికప్పుడు పాడుడే అది. అయిపోయింది."

"నేనేడ ఇన్న? మొఖాలు చూసుకుంట నిలవడితి."

నేను గాబరాపడ్డాను. "అంత తిరిగొచ్చి ఏమి ఇనలేదా అత్తా?"

అత్త కాసేపు గుర్తు చేసుకుంది. "నడుమ ఒకపారి దగ్గిండు. అదొక్కటి ఇన్న. పొడి దగ్గు అది." కొంగు దులుపుకొని లేచింది. "లచ్చీ, ఇంట్ల మిరియాలున్నయా? తెల్లారి హైదరాబాద్ బస్సు ఎన్నింటికో అడిగి రాపో."